బెల్లం పోసిన మేటు

కొత్త జిల్లాలు ఏర్పడిన ఏడాది మే నెలాఖరులో నిడదవోలు దగ్గరి ఒక పశువైద్యశాల నుంచి నన్ను పాలకొల్లుకు తూర్పున, గోదావరి గట్టును ఆనుకుని ఉన్న ఒక మండలానికి బదిలీ చేశారు. హోదా పాతదే, పశువైద్య సహాయ శస్త్రచికిత్సకుడు. కాగితం మీద పేరు అంత పొడుగు. ఊళ్లో మాత్రం గేదెల డాక్టరు. సర్వీసు ఇంకా రెండేళ్లు మిగిలి ఉంది. ఆ మండలంలో సగం గట్టుకు ఇవతల వరి చేలు, కొబ్బరి తోటలు. మిగతా సగం గట్టుకు అవతల, ఏటి పాయల మధ్య లంకలు. లంకకు పోవాలంటే పంటు ఎక్కాలి. రెండు పడవలు జతచేసి, పైన పలకలు పరిచి, మోటారు బిగిస్తే అది పంటు. మనుషులు, మోటారు సైకిళ్లు, పాల క్యాన్లు, అప్పుడప్పుడూ ఒక గేదె, అన్నీ దాని మీదే దాటుతాయి.

ఛార్జి తీసుకుని రెండు నెలలైనా తిరక్కుండానే జూలై వరద వచ్చింది. నీళ్లు తీసేసరికి లంకలో పచ్చగడ్డి అనేది లేదు. ఉన్న గడ్డంతా ఒండ్రు పూసుకుని బూడిద రంగులో నిలబడింది. అది మేసిన పశువుకు విరేచనాలు పట్టుకున్నాయి. ఇళ్ల దగ్గరి గడ్డి మేట్లు కొన్ని కొట్టుకుపోయాయి, కొన్ని అడుగు నుంచి కుళ్లాయి. మెట్ట ప్రాంతం నుంచి లారీల్లో ఎండుగడ్డి వచ్చింది. మిషన్ కోసి, ఇంకో మిషన్ చుట్టిన, వేసవి పంట దాళ్వా గడ్డి కట్టలు. తినడానికి ఏదో ఒకటి దొరికింది గాని, ఉత్త ఎండుగడ్డి మీద ఏ గేదే పాలివ్వదు. పాల క్యాన్లు సగానికి దిగాయి. పంటు రేవులో పశువుల బేరగాళ్లు తిరగడం మొదలుపెట్టారు. వరద తర్వాత లంకలోకి వచ్చే మొదటి వ్యాపారం అదే.

ఎండుగడ్డిలో బలం లేదని రైతులు అంటారు. ఉంది, కాని పశువుకు అందదు. గడ్డి పోచలోని పీచు లిగ్నిన్ అనే చెక్కలాంటి పదార్థంతో బిగిసి ఉంటుంది. పశువు పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులు ఆ బిగువును పూర్తిగా విప్పలేవు. గడ్డి మీద యూరియా నీళ్లు చల్లి, గాలి చొరకుండా మూసి మూడు వారాలు ఉంచితే, ఆ యూరియా అమ్మోనియా వాయువుగా మారి పోచలోకి దూరి పీచును సడలిస్తుంది. అరుగుదల పెరుగుతుంది. కొంత నత్రజని గడ్డిలోనే మిగిలి ఆ సూక్ష్మజీవులకు మేతవుతుంది. లెక్క చిన్నదే. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై లీటర్ల నీళ్లు. పొరలు పొరలుగా పరిచి, చల్లి, తొక్కి, పైన టార్పాలిన్ కప్పి, అంచులకు మట్టి మెత్తాలి. దీన్నే మా శాఖలో యూరియా మాగుడు గడ్డి అంటాం. విప్పిన తర్వాత ఆ పూటకు కావలసినంత దూసి, ఆరబెట్టి, ఘాటు పోయాక పెట్టాలి. మామూలు గడ్డితో కలిపి కొద్దికొద్దిగా అలవాటు చెయ్యాలి. చిన్న దూడలకు పెట్టకూడదు.

వరద మండలాల్లో దీన్ని ఊరూరా చేసి చూపించాలని ఆదేశం వచ్చింది. నాతో పాటు జూనియర్ వెటర్నరీ ఆఫీసర్ సూర్యనారాయణ ఉండేవాడు. డాక్టరు కింద, ఆఫీసు సిబ్బందికి పైన ఉండే ఉద్యోగం అది. సూదులు, గర్భధారణలు, టీకాలు చాలావరకు వాళ్ల చేతి మీదే జరుగుతాయి. మనిషి నిదానస్తుడు, మాట మాత్రం చురుకు. మేమిద్దరం ఒక లంకలో ప్రదర్శన పెట్టిన పొద్దునే ఖనిజ లవణాల ఇటుకలు కూడా వచ్చాయి. పశువు నాకడానికి మేత వేసే గాటి దగ్గర వేలాడదీసే ఇటుకలవి. వాటిలో యూరియా, చెరకు మడ్డి, ఉప్పు కలిసి ఉంటాయి. అరగంట గడ్డి పని, అరగంట ఇటుకల పని. రెండూ ఒకే కొబ్బరి తోటలో, ఒకే ఆడవాళ్ల ముందు జరిగాయి.

ఆ గుంపులో ముందు నిలబడిన మనిషి రూతమ్మ. నలభై ఏళ్లుంటాయి. భర్త దావీదు కొబ్బరి దింపు తీసేవాడు. వరద తర్వాత తోటల్లో అతనికి పని లేదు. ఇంటికి ఉన్న ఆదాయం ఒక్క పాడిగేదె. దాని కింద రెండు నెలల దున్నదూడ. సూర్యనారాయణ యూరియా బస్తా విప్పుతుంటే ఆమె గట్టిగానే అడిగింది. "ఎరువు తిన్న గేదె ఎకరానికి ఎన్ని బస్తాలు ఈనుద్దండి?"

అందరూ నవ్వారు. సూర్యనారాయణ కూడా నవ్వి, "నీ గేదె పండితే చెప్పమ్మా, ధాన్యం కొనుగోలు కేంద్రం మీ గుమ్మంలోనే పెట్టిస్తాను" అన్నాడు. నవ్విన వాళ్లే వారం తిరిగేలోపు యూరియా అడిగారు. ఎనిమిది తొమ్మిది ఇళ్లవాళ్లు మేట్లు మూశారు. మేం లేనప్పుడు వాళ్లే వేసుకున్నవి ఎక్కువ. వాటన్నిటిలోకీ బిగువుగా, అంచుల్లో వేలు దూరకుండా మూసింది రూతమ్మ ఇంటి మేటే. ఇది నేను చూశాను.

ఆ మూడు వారాలు ఊరికి నిలకడ లేదు. ఎగువన వాన పడిందంటే ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతని ఫోన్లు. మొదటి హెచ్చరిక పెట్టారంటే పశువుల్ని గట్టు మీదికి తోలడం, తీసేశారంటే మళ్లీ తోలుకురావడం. గాలికి టార్పాలిన్లు టపటపమంటుంటే ఇళ్లలోంచి లేచి వచ్చి చూసుకునేవారు. ఒక మేటును కోళ్లు కెలికాయి. ఇంకోదాని మీద ఎవరో బట్టలు ఆరేశారు. నేను కూడా కుదురుగా ఉన్నానని చెప్పను. పని లేకపోయినా రోజు విడిచి రోజు పంటు ఎక్కేవాణ్ణి. ఎందుకొచ్చావని అడుగుతారని చేతిలో టీకాల పెట్టె పట్టుకునేవాణ్ణి.

రూతమ్మ మేటును ఒక ఆదివారం, ప్రార్థన నుంచి వచ్చి తనే విప్పుకుంది. మర్నాడు సూర్యనారాయణ వెళ్లి, గేదె బాగా తింటోందని చెప్పాడు. మిగతా ఇళ్లలో గేదెలు నాలుగైదు రోజులు ఆ గడ్డిని వాసన చూసి తల తిప్పుకున్నాయి. అది మామూలే, అమ్మోనియా వాసనకు అలవాటు పడాలి. రూతమ్మ గేదె ఒక్కటే తొలిపూట నుంచి గాట్లో పరక మిగల్చకుండా తిన్నది. పాలు కాస్త పెరిగాయి. "మా గేదె చదువుకున్నదండి, డాక్టరు గారి మాట ఇంటుంది" అని ఆమె రేవులో చెప్పుకుందట. చుట్టుపక్కల ఆడవాళ్లకు కొంచెం మండింది కూడా.

వారం గడిచింది. ఒక గురువారం పొద్దున్నే వెంకటరత్నం గారు ఫోన్ చేశారు. ఆయన అరటి రైతు, ఆ లంకలో పాల కేంద్రం చూసేదీ ఆయనే. "డాక్టరు గారూ, దావీదు దూడకి పిచ్చెక్కిందండి. మీరు ఉన్నపళంగా బయల్దేరాలి. వచ్చేటప్పుడు ఆ నిద్రపుచ్చే ఇంజక్షనేదో పట్టుకొచ్చెయ్యండి" అన్నారు.

మేం వెళ్లేసరికి దావీదు ఇంటి చుట్టూ ఊరు ఉంది. దూడను రేకుల పాక రాటకు రెండు తాళ్లతో కట్టారు. అది నిలబడి ఉంది. చెవులు అదురుతున్నాయి. కనురెప్పలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. ఉన్నట్టుండి ముందుకు దూకింది. తాడు ఆపితే రాట చుట్టూ తిరిగింది, తిరిగి తిరిగి తడికకు తల గుద్దుకుంది. కాళ్లు బిగిశాయి. ఒళ్లంతా చెమట, మూతి దగ్గర నురగ. జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. ఒక పెద్దాయన అరుగెక్కేశాడు. కాసేపటికి అది ఆగి, ఏం జరగనట్టు తల్లి వైపు చూసి అరిచింది.

ఊరి భయానికి కారణం ఉంది. వరద తర్వాత ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిన ఒక కుక్క ఇద్దరిని కరిచింది. దాన్ని కొట్టి చంపి ఏట్లో పారేశారు. కరిపించుకున్న వాళ్లకు ఆసుపత్రిలో టీకాలు పడ్డాయి గాని, ఆ కుక్కకు రేబిస్ ఉందో లేదో తేల్చే దారి ఏట్లో పోయింది. ఆ కుక్క దావీదు పాక వైపు పరుగెత్తడం చూశామని ఇప్పుడు ముగ్గురు నలుగురు చెబుతున్నారు. దూడ తాగే పాలే పాల కేంద్రానికి వెళుతున్నాయి. అవే పాలతో రేవు దగ్గర టీ కాస్తున్నారు. టీ తాగిన ప్రతి మనిషీ ఆ గుమ్మంలో ఉన్నాడు.

వెంకటరత్నం గారు నన్ను పక్కకు పిలిచారు. మొత్తం లంక పాలు ఆపేస్తామని పైనుంచి అంటున్నారని, ఒక్క దూడ కోసం అన్ని ఇళ్ల నోట్లో మట్టి పడుతుందని చెప్పారు. అందులో అబద్ధం లేదు. పైగా అది దున్నదూడ. దానికి ఎవరూ వెల కట్టరు. కాని దూడ లేకపోతే గేదె చేపదు. దూడ వచ్చి పొదుగు కుమ్మితేనే పాలు దిగే గేదె అది. వరద ఏడాది, ఎండుగడ్డి రోజుల్లో, చేపు పోయిన గేదె ఇంట్లో ఉండదు. రేవుకు వెళుతుంది. అక్కడ ఆ పొద్దున అప్పటికే ఒక బేరగాడు నిలబడి, "పిచ్చి దూడ తల్లికి రేటేంటండి, తోలుకెళ్లడమే నా పుణ్యం" అంటున్నాడని సూర్యనారాయణ విని వచ్చాడు. రూతమ్మకు ఇదంతా నాకన్నా ముందే తెలుసు. ఆమె దూడకూ జనానికీ మధ్య నిలబడి ఉంది. ఏడవడం లేదు. కొంగు బొడ్లో దోపి, ఎవరైనా దగ్గరికొస్తే చెయ్యి చేసుకునేటట్టు ఉంది.

ఆ రోజుల్లో నేను ఒక దినపత్రిక రైతు పేజీకి వారం వారం రాసేవాణ్ణి. ఆ డెస్కు వాళ్లు నాకు ఒక పద్ధతి అలవాటు చేశారు. చూసింది ఒక వాక్యంలో రాయి, విన్నది ఇంకో వాక్యంలో రాయి, రెంటినీ కలపకు. పాక పక్కన కొబ్బరి దుంగ మీద కూర్చుని అదే పని చేశాను. కుక్క కరవడం విన్నది. దూడ ఒంటి మీద గాటు లేకపోవడం చూసింది. పిచ్చి అనేది విన్నది. అది విడతలు విడతలుగా వచ్చి, మధ్యలో పూర్తిగా తగ్గిపోవడం చూసింది. రేబిస్ పట్టిన పశువు మధ్యలో మామూలుగా అవదు. పూటపూటకీ దిగజారుతుంది. గొంతు మారుతుంది, మింగలేదు. నేను చేతులకు తొడుగులు వేసుకుని బకెట్‌తో నీళ్లు పెట్టాను. దూడ గటగటా తాగింది.

సూర్యనారాయణ నెమ్మదిగా, "సార్, తల్లిని చూడండి" అన్నాడు. గేదె కూడా కుదురుగా లేదు. చెవులు విదిలిస్తోంది, కాలు మార్చి కాలు మీద నిలబడుతోంది, వెనకాల చీపురు పడిన చప్పుడుకు ఉలిక్కిపడింది. ఒకే కుక్క ఒకే రోజు తల్లినీ బిడ్డనూ కరిచి, ఇద్దరికీ ఒకే పొద్దున రోగం రావడం నేను ఎక్కడా వినలేదు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది మేత. తల్లి గడ్డి తింటుంది, దూడ పాలు తాగుతుంది.

మేటు దగ్గరికి వెళ్లాను. యూరియా మాగిన గడ్డి లేత గోధుమ రంగుకు తిరుగుతుంది, కళ్లు మండించే వాసన వేస్తుంది. ఈ గడ్డి గోధుమ రంగు దాటి కాఫీ రంగులో ఉంది. పరకలు వేళ్లకు జిగురుగా అంటుకున్నాయి. లోపలికి చెయ్యి పెడితే ఉడుకు. అమ్మోనియా ఘాటు కింద ఇంకో వాసన ఉంది, అరిసెల పాకం మాడినప్పటి వాసన.

రూతమ్మను పిలిచి ఇందులో ఏం కలిపావని అడిగాను. ఏమీ కలపలేదంది. మీరు చెప్పిన కొలత, మీరు చెప్పిన నీళ్లు అంది. పురుగుమందు గాని, తవుడు గాని, కుడితి గాని పడిందా అని అడిగాను.

"ఏసు మీద ఆన అండి, ఒక్క చుక్క పడలేదు. మందేమీ కలపలేదు."

"మరి ఈ జిగురేంటమ్మా?"

"అదాండి? బెల్లం."

సూర్యనారాయణ నా మొహం చూశాడు. నేను మేటు మొహం చూశాను.

"ఏంటండీ అలా చూస్తారు? ఎరువు ఉత్తినే తింటుందా నోరున్న జీవం? చేదు మందు పోసేటప్పుడు బెల్లం నాకించమా? పశువుల బెల్లం, నల్లబడిపోయింది, పాలకొల్లు నుంచి మా ఆయన తెచ్చాడు. పాకం పట్టి పొరపొరకీ చల్లాను. మీ ఇటుకలో మటుకు మడ్డి లేదూ? మీరే కదండీ చెప్పారు, యూరియా, మడ్డి కలిపే ఉంటుందని."

ఆ మాట నిజమే, చెప్పాం. ఆ తోటలో, ఆ పొద్దునే. ఇంకో సంగతి, ఆమె దృష్టిలో బెల్లం పోయడం కలపడం కిందికి రాదు. ఆ ఇళ్లలో గేదెకు ఏ మందు పోసినా బెల్లంతోనే పోస్తారు, ఈనిన గేదెకు పెట్టే కాయం మందులోనూ బెల్లమే. కూరలో ఉప్పు వేశావా అని ఎవరూ అడగరు. అలాగే ఆమె బెల్లం సంగతి చెప్పలేదు.

ఇటుకకూ మేటుకూ తేడా ఉంది. ఇటుకలో యూరియా యూరియాగానే ఉంటుంది. పశువు నాకినప్పుడు కొద్దికొద్దిగా లోపలికి పోతుంది. మూసిన మేటులో అది అమ్మోనియాగా మారుతుంది. అమ్మోనియా, చక్కెర, వేడి, ఈ మూడూ గాలాడని చోట కలిస్తే నరాలను రెచ్చగొట్టే ఒక పదార్థం పుట్టవచ్చని, అది పాల ద్వారా దూడకు చేరుతుందని కాలేజీలో చదివిన గుర్తు. పాఠంలో అది ఒక్క పేరా. మన వరిగడ్డికి అది అంతగా వర్తించదని కూడా చదివాను, ఎందుకంటే వరిగడ్డిలో చక్కెర పెద్దగా ఉండదు. ఇక్కడ చక్కెర పాకం పట్టి మరీ పోశారు. పైన నల్ల టార్పాలిన్, శ్రావణం ఉక్క.

పశుపోషణ విభాగంలో పాఠం చెప్పే నా సహాధ్యాయికి ఫోన్ చేశాను. అతను అంతా విని, "నువ్వు చెప్పేది కుదురుతుంది గాని, ఫోన్లో ఒట్టు వెయ్యలేను రా. మేత ఆపు. మేత అయితే ఒకటి రెండు రోజుల్లో తగ్గాలి. రేబిస్ అయితే తగ్గదు, పెరుగుతుంది. దూడను మాత్రం చంపకు, చంపావంటే ఎవడూ ఏదీ తేల్చలేడు" అన్నాడు. తర్వాత మా సహాయ సంచాలకుల వారికి, అంటే ఏ.డి. గారికి, చెప్పాను. ఆయన రెండు సూచనలు ఇచ్చారు. తేలేవరకు రోగం పేరు మీ నోటి నుంచి రానివ్వకండి, తేలేవరకు జాగ్రత్తలన్నీ ఆ రోగమే అన్నట్టు తీసుకోండి. రెండూ సరైనవే.

జనం దగ్గరికి వచ్చి చెప్పాల్సింది చెప్పాను. పొద్దున కట్టేటప్పుడు దూడ నోట్లో చెయ్యి పెట్టిన దావీదు వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ గేదె పాలు కేంద్రానికి పోకూడదు, మరిగించి కూడా ఎవరూ వాడొద్దు. దూడకు చిక్కం కట్టాలి, అంటే మూతికి తాడు అల్లిక తొడగాలి. పొదుగు దగ్గరికి తీసుకెళ్లినా తాగకుండా, గేదె చేపేందుకు మాత్రం సరిపోతుంది. దానికి వేరే గేదె పాలు సీసాతో పట్టాలి. మేటు ముట్టుకోకూడదు. రేపు సాయంత్రం దాకా నాకు సమయం ఇవ్వండి.

"రేపు సాయంత్రానికి తగ్గకపోతే?" అని వెంకటరత్నం గారు అడిగారు. తగ్గకపోతే ఇంజక్షన్ నేనే ఇస్తానన్నాను. ఆ మాట రూతమ్మ విన్నది. నా వైపు ఒకసారి చూసి, మళ్లీ దూడ వైపు తిరిగింది.

అప్పుడు ఎవరికీ తట్టని ఒక ప్రశ్న దావీదు అడిగాడు. మేటు ముట్టుకోకూడదంటే గేదె ఏం తినాలి? ఉన్న గడ్డంతా ఆ మేటులోనే ఉంది. ఆ నెలలో గడ్డి అడగడం బియ్యం అడగడం కన్నా కష్టం.

వెంకటరత్నం గారే విసుగ్గా అన్నారు. "ఏంటయ్యా నిలబడి చూస్తావ్? మా పాక ఎనకాల కట్టలున్నాయి, పట్టుకెళ్లు. సార్వా కోతలయ్యాక బదులు తీర్చు." లంకల్లో గడ్డి బదులు పాత అలవాటు. కట్టకు కట్ట, ఎండుకు ఎండు, కోతలయ్యాక తిరిగి ఇవ్వడం. పొద్దున్నే ఇంజక్షన్ తెమ్మన్న మనిషే బదులు ఇచ్చాడు. ఆయనకు రెంటికీ మధ్య వైరుధ్యం కనిపించలేదు. తర్వాత ఆలోచిస్తే నాకూ కనిపించలేదు.

ఆ రోజంతా నేను లంకలోనే ఉన్నాను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. మధ్యాహ్నం దూడకు రెండుసార్లు వచ్చింది. రెండోసారి తాడు తెంపుకుని అరటి చెట్ల మీద పడింది. జనంలో "అయిపోయింది" అన్న మాట వినపడింది. మొదటి టీకా వేయించుకుని అప్పుడే తిరిగొచ్చిన దావీదు, సూర్యనారాయణ దాన్ని గోనెసంచులతో పట్టుకుని చీకటి పాకలో కట్టారు. చప్పుడు లేకుండా, వెలుతురు లేకుండా ఉంచమన్నాను. ఆ వంకతో జనాన్ని కూడా పంపించేశాను. సాయంత్రం పంటు దాటే ముందు ఇంకోసారి వచ్చింది. కాని తొందరగా తగ్గింది. ఇది నేను చూశానా, చూడాలనుకున్నానా అని దారంతా అనుమానపడ్డాను.

మర్నాడు తొలి పంటుకే వెళ్లాం. రేవులో బేరగాడు అప్పటికే ఉన్నాడు. "ఏమండీ డాక్టరు గారూ, సూదా, తాడా?" అన్నాడు. సూర్యనారాయణ వెనక్కి తిరిగి, "నీకేదైనా ఒకటే కదా, కూర్చో" అన్నాడు. పాక దగ్గర రూతమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. తెల్లారుజామున చెవులు అదిరాయని, పరుగు మాత్రం రాలేదని చెప్పింది. పొద్దెక్కాక ఒక్కసారి వచ్చింది. అదీ రాట చుట్టూ రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. మధ్యాహ్నం ఏమీ లేదు. తల్లి గేదె నింపాదిగా నెమరు వేస్తోంది. చీపురు కావాలనే పడేసి చూశాను. తల తిప్పి చూసిందంతే.

సాయంత్రం వెంకటరత్నం గారు వచ్చి తలుపు సందులోంచి చూశారు. దూడ చిక్కంతోనే తల్లి పొదుగును కుమ్ముతోంది, తాగలేక కోపంతో తోక ఆడిస్తోంది. "ఇది పిచ్చి కాదండి, ఆకలి" అని ఆయన వెళ్లిపోయారు. ఆ మాటే ఊరికి తీర్పు అయింది. బేరగాడు చివరి పంటుకు ఖాళీగా దాటాడు. మేం మాత్రం ఇంకో పది రోజులు చూశాం, పద్ధతి అది. ఆ తర్వాతే చిక్కం విప్పి, పాలు కేంద్రానికి పంపనిచ్చాం. ఆసుపత్రి వాళ్లు దావీదుకు టీకాలన్నీ పూర్తి చేశారు.

అదే వారం మిగతా మేట్లన్నీ విప్పించి చూశాం. ఇంకో రెండింట్లో బెల్లం పాకం దొరికింది. ఒకటి ఇంకా గాటికి ఎక్కలేదు, ఇంకోటి పాలు లేని వట్టిపోయిన గేదె ముందురోజు నుంచే తింటోంది. ఆ ఇద్దరు ఆడవాళ్లు కూడా ఏమీ కలపలేదనే చెప్పారు. రూతమ్మ మేటులో గడ్డి నమూనా ప్రయోగశాలకు పంపాను. నత్రజని బాగా పెరిగిందని జవాబు వచ్చింది. నేను అనుమానించిన పదార్థాన్ని పరీక్షించే సదుపాయం అక్కడ లేదు. కాబట్టి కారణం బెల్లమే అని నేను రుజువుతో చెప్పలేను. మేత ఆపాక తగ్గిందన్నది మాత్రం చూసింది.

ఆ మేటును వెంకటరత్నం గారి అరటి తోటలో వరుసల మధ్య బోదెల్లో పరిపించారు. మోసుకెళుతున్న గంపలను రూతమ్మ గుమ్మంలోంచి చూస్తూ, "చివరికి ఎరువు చేలోకే పోయిందండి, గేదె పండకుండానే" అంది. నవ్వుతూనే అంది. డిసెంబరులో సార్వా కోతలయ్యాక బదులు గడ్డి తీర్చి, మిగిలిన గడ్డితో మళ్లీ మేటు మూసింది, ఉత్త యూరియా నీళ్లతో. ఆ గడ్డిని గేదె ఐదు రోజులు వాసన చూసి తల తిప్పుకుందని, ఆరో రోజు తిన్నదని ఫోన్ చేసి ఫిర్యాదు లాగా చెప్పింది.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా నేను చేసిన ప్రదర్శనల్లో రెండు మార్పులు వచ్చాయి. ఇటుకల పని, గడ్డి పని ఒకే రోజు పెట్టలేదు. రెండోది, కొలతలు చెప్పడం అయ్యాక, "ఇంటికెళ్లాక ఇందులో మీరు ఇంకేం వేస్తారు?" అని అడిగేవాణ్ణి. ఏమీ వెయ్యమండి అనేవారు మొదట. నేను ఆగేవాణ్ణి. ఎవరో ఒకరు ఉప్పు అనేవారు, ఇంకొకరు తవుడు, ఇంకొకరు పసుపు. బెల్లం అన్న మాట వచ్చేదాకా సూర్యనారాయణ యూరియా బస్తా మూతి విప్పేవాడు కాదు.